అయిదేళ్ళకు అయిదు పెన్నులు

అక్టోబరు 3, మంగళవారం

కాలవ మట్టం 4.1 అడుగులు. వాన లేదు.

డివిజన్ ఆఫీసుకు పిలిపించారు. సూపరింటెండెంటు వసుంధర మేడం ఫైలు తెరిచి పెట్టుకుని ఉన్నారు. వర్క్ ఇన్‌స్పెక్టరు ప్రమోషన్ల కమిటీ ఈ నెలలోనే కూర్చుంటుందట. పదకొండేళ్ళ కిందట కూర్చోవలసిన కమిటీ. ఇస్తే అప్పటి తేదీ నుంచే ఇస్తారు, 2012 సెప్టెంబరు 1. వెనకటి జీతం రాదు. తేదీ మాత్రం వస్తుంది. ఈ నెల ముప్పై ఒకటిన నేను రిటైరవుతున్నాను.

"ఆ ఏటికి ఖాళీ ఒకటే మద్దిలేటీ," అన్నారు మేడం. "లిస్టులో పద్నాలుగో నంబరు దస్తగిరి. ఆయనకు శిక్ష పడిండాది గదా, దాటేస్తాం. పదిహేను నువ్వు. షట్టర్ల కాడ లస్కరుగా చేరి ఇన్‌స్పెక్టరుగా దిగిపోతావు. ఎంతమందికి ఉంటాది ఆ యోగం?"

ఆవిడ ఫైలు తిరగేశారు.

"ఒకటే చిక్కు. 2007 నుంచి 2011 దాకా అయిదేళ్ళ రిపోర్టులు కావాల. నీ పనితనం మీద మీ ఏఈ సారు ఏటేటా రాసి పంపాల్సినవి. నీ ఫైల్లో ఒక్కటీ లేదు."

"నేను తియ్యలేదు మేడం."

"నువ్వు తీసేదేంది? ఆయన రాసింటే గదా! అందరిదీ ఇదే కత. ఫారాలు ఇస్తా, నువ్వే రాసుకో. అప్పటి సారు యాడుండాడో కనుక్కుని సంతకం పెట్టించుకో, అప్పటి తేదీలతో. ఇంగో మాట. అయిదూ ఒకే పెన్నుతో రాయొద్దప్పా. పోయిన తడవ ఒకాయన అట్లనే రాసుకొచ్చె. చూసినోళ్ళంతా నవ్విరి. అయిదేళ్ళకు అయిదు పెన్నులు. జెల్ పెన్ను అసలే వద్దు."

ఫారాలు అయిదు. ఇరవయ్యో తేదీ లోపల ఇవ్వాలి.

అక్టోబరు 4, బుధవారం

మట్టం 4.1.

పెన్నులు కొన్నాను. నాలుగు నీలం, ఒకటి నలుపు. "మనవళ్ళకు పరీక్షలా?" అన్నాడు అంగడాయన. అవునన్నాను. నాకు మనవళ్ళు లేరు.

నాగేశ్వరమ్మకు సంగతి చెప్పాను.

"ఇన్‌స్పెక్టరంటే పోలీసోళ్ళ మాదిరా?"

"కాదు. కాలవ పనులు చూసుకునేవాడు."

"ఇప్పుడు నువ్వు చూసేదేంది మరి?"

"ఇప్పుడు నేను షట్టరు ఎత్తుతా, దించుతా. ఆయన కుర్చీలో కూచుని ఎత్తమంటాడు, దించమంటాడు."

"ముప్పై రోజులు గూడా లేవు. కుర్చీలో ఎప్పుడు కూచుంటావయ్యా?"

కూర్చోను. కాగితంలో పదకొండేళ్ళుగా కూర్చుని ఉంటాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఇంటి ముందు పేరు బోర్డు పెట్టిద్దామంది.

అక్టోబరు 6, శుక్రవారం

మట్టం 4.2.

నంద్యాల వెళ్ళాను. కేశవులు సారు ఇల్లు కనుక్కోవడానికి రెండు గంటలు పట్టింది. వరండాలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. రెండు కళ్ళకూ ఆపరేషనయిందట.

"ఎవురూ? మద్దిలేటా? నాకు గొడుగు పట్టిన మద్దిలేటివేనా?"

"అవును సార్."

"ఇంగా దిగిపోలేదా నువ్వు? ప్రభుత్వానికి నీ మీద ఎంత ప్రేమరా!"

సంగతి చెప్పాను. నవ్వారు. "నేను రాయాల్సింది నువ్వు రాసుకోని నా చేత సంతకం పెట్టిస్తావా? బాగుండాది. ఇటియ్యి."

"నేను రాసి మళ్ళీ తెస్తాను సార్. చూసి పెడుదురు."

"చూసేదానికి కండ్లు యాడున్నాయి? ఆ కాలంలో నా ఉత్తరాలు సగం రాసింది నువ్వే గదా. నువ్వు రాస్తే తప్పుండదు."

అయిదు ఖాళీ ఫారాల కిందా సంతకం పెట్టారు. ఎక్కడ పెట్టాలో నేను వేలు పెట్టి చూపించాను. తేదీలు నేను చెప్పాను, ఆయన వేశారు. కాఫీ ఇప్పించారు. లేవబోతుంటే అడిగారు.

"దస్తగిరి ఎట్లుండాడు?"

"బాగున్నాడు సార్."

"పాపం. కాలవకు ఆ గండి పడిన వారం నేను సెలవులో ఉంటి. వచ్చి చూస్తే వాడు తప్పు నాదేనని రాసిచ్చేసినాడు. ఒప్పుకున్నోన్ని ఎవురు కాపాడతారు చెప్పు?"

తలూపాను. ఆయనకు కనబడి ఉండదు.

అక్టోబరు 8, ఆదివారం

మట్టం 4.2. దస్తగిరితో కాపలా మార్పు మధ్యాహ్నం పన్నెండుకు.

2007 రాశాను. 2008 రాశాను.

నా గురించి నేను 'ఇతడు' అని రాయాలి. మొదట చెయ్యి కదల్లేదు. రెండు మూడు వాక్యాలయ్యాక అలవాటయింది. ఇతడు సమయానికి విధులకు హాజరవుతాడు. ఇతడు బడికి రెండేళ్ళే వెళ్ళినప్పటికీ స్వయంగా చదువుకుని, నలభై అయిదో ఏట పదవ తరగతి ప్రైవేటుగా ఉత్తీర్ణుడయ్యాడు. రిజిస్టర్లు చక్కటి దస్తూరీతో నిర్వహిస్తాడు. తోటి సిబ్బందికి అర్జీలు, జవాబులు రాసిపెట్టి సహాయపడతాడు.

నిజాయితీ అన్న గడిలో 'సందేహించదగినది కాదు' అని రాయడం ఆఫీసు పద్ధతి. అలాగే రాశాను.

2008లో దున్నపోతుల బండి కాలవలో పడితే దిగి తాళ్ళు కట్టాను. 'ప్రత్యేక సంఘటనలు' గడిలో అది వేశాను. నిజమే అది. పైకి చదువుకుంటే ఎవరో మంచి మనిషి గురించి చదువుతున్నట్టుంది.

అక్టోబరు 9, సోమవారం

మట్టం 4.2.

టీ బంకు దగ్గర దస్తగిరి కనబడ్డాడు. అతనికి అప్పుడే తెలిసిపోయింది.

"ఏం బావా, ఇన్‌స్పెక్టరువంట! ఇంగ మాతో మాట్లాడతావా, మెమో ఇస్తావా?" బంకాయన వైపు తిరిగి అరిచాడు. "ఈరన్నా! మా బావకు పెద్ద గ్లాసుతో ఇయ్యి. చక్కెర ఎక్కువెయ్యి, ఆఫీసరు నోరు తీపి కావాల."

"నీకెప్పుడప్పా గండి దస్తగిరీ?" అన్నాడు ఈరన్న.

"నాకెందుకు? గండి దస్తగిరని మీరిచ్చిన బిరుదు లేదా? అంతకంటే పెద్ద ప్రమోషను ప్రభుత్వం ఇయ్యలేదు."

అందరూ నవ్వారు. అతనే ముందు నవ్వాడు. పన్నెండేళ్ళుగా ఊళ్ళో అతని పేరు అదే. కొత్తగా వచ్చిన పిల్ల ఏఈ కూడా మొన్న 'గండి దస్తగిరి గారూ' అని పిలిచింది, ఇంటిపేరు అనుకుని.

నేను టీ తాగకుండానే డ్యూటీ ఉందని వచ్చేశాను. డ్యూటీ ఉంది. అబద్ధం కాదు.

అక్టోబరు 11, బుధవారం

మట్టం 4.0.

2009, 2010 రాశాను. నాలుగు పెన్నులయ్యాయి. నల్లది మిగిలింది.

అక్టోబరు 12, గురువారం

మట్టం 4.0.

2011. పేరు, హోదా, సెక్షను నింపాను. 'ఈ సంవత్సరం కాలవ నిర్వహణలో ఇతడు' అని రాసి ఆపాను.

గండి పడిన రోజు మట్టం 4.3. రిజిస్టరులో ఉంది.

అక్టోబరు 13, శుక్రవారం

మట్టం 4.0.

మేడం ఫోను. "ఫారాలేమాయె? ఇంగో సంగతి. లిస్టులో ఎవుర్నైతే దాటేస్తామో వాళ్ళకు నోటీసివ్వాలంట, ఈ నెలాఖరు దాకా టైముతో. దస్తగిరికి నిన్ననే పోయింది. శిక్ష ఆర్డరు, అప్పుడు ఆయన ఇచ్చుకున్న జవాబు, రెండిటి కాపీలూ పెట్టి పంపినాం."

"జవాబు కాపీ ఎందుకు మేడం?"

"రూలు. ఏమి, నీకేం భయం?"

భయమేమీ లేదన్నాను.

అక్టోబరు 15, ఆదివారం

మట్టం 4.1.

సాయంత్రం దస్తగిరి వచ్చాడు. కవరు తెచ్చాడు. చదివాను. వెళ్ళిపోయాడు.

అక్టోబరు 16, సోమవారం

మట్టం 4.1.

నిన్నటిది పూర్తిగా రాయలేదు.

కవరు చించకుండా తెచ్చాడు. "నువ్వే చించు బావా. నేను చించి ఏం జేస్తా?" అన్నాడు. అతనికి వచ్చిన కాగితమేదైనా ముప్పై ఏళ్ళుగా నా చేతికే వస్తుంది. అతని రేషను కాగితం, భూమి కాగితం, భార్య ఖాసింబీ ఆసుపత్రి చీటీలు, అన్నీ నేనే చదివి చెప్పాను.

మూడు కాగితాలున్నాయి. మూడోది నా దస్తూరి.

"ఏమంటారు?" అన్నాడు.

"ఏం లేదు బావా. నీ పేరు దాటేస్తున్నారు. అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు."

"నాకేం అభ్యంతరం? నీకొస్తే నాకొచ్చినట్టు గాదా? లేదని రాయి."

రాశాను. అతను నా స్టాంపు ప్యాడు తీసి తనే వేలు అద్దుకుని ముద్ర వేశాడు. వేలు నా గోడకే తుడిచి, నాగేశ్వరమ్మ తిడితే నవ్వుతూ వెళ్ళాడు.

ఆ కాగితం నా చొక్కా జేబులో ఉంది. ఈ రోజు ఆఫీసుకు ఇవ్వవలసింది. వెళ్ళలేదు. కాలు నొప్పి.

అక్టోబరు 17, మంగళవారం

మట్టం 4.1. కాలు నొప్పి.

అక్టోబరు 18, బుధవారం

మట్టం 4.2.

పన్నెండింటికి దస్తగిరిని కాపలా మార్చడానికి వెళ్ళాను. అతను ఇంటికి పోకుండా షట్టరు దిమ్మె మీద నా పక్కనే కూర్చున్నాడు.

"బావా, ఆ ఏటి కాగితం గూడా నువ్వే రాస్తాండావంట గదా. గండి పడిన ఏటిది."

"ఎవరు చెప్పారు?"

"ఎవురో చెప్పిరి. దాంట్లో నా గురించి గూడా ఒక ముక్క రాయి. నువ్వొచ్చినా అన్నాకనే నేను పోతినని. అంతే. సారు సంతకం ఉంటాది గదా, రేపు ఎవురన్నా చూస్తే నమ్ముతారు. ప్రమోషను నాకొద్దు. ఆ ఒక్క ముక్క యాడన్నా ఉంటే చాలు."

"రాస్తే నా మీదికి రాదా?"

"నీకేమైతాదబ్బా? నువ్వుంటివి, వాన నీళ్ళొచ్చె, కట్ట తెగె. నీ తప్పేముండాది? ఇద్దరికీ మెమోలొచ్చె. సారు నిన్ను వదిలె, నన్ను పట్టె. నా రాత."

చూస్తానన్నాను.

ఇప్పుడు రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

2011 నవంబరు 22. పన్నెండు నుంచి ఆరు దాకా డ్యూటీ నాది. పొద్దున అతనిది. డివిజన్ ఆఫీసులో సీనియారిటీ లిస్టు వచ్చిందని తెలిసి, నాలుగింటి దాకా ఉండమని అతన్ని అడిగి నేను వెళ్ళాను. ఈ ప్రమోషను కోసమే. అప్పటి గుమాస్తా కూర్చోమన్నాడు. బెంచీ మీద కూర్చున్నాను. నాలుగింటికి దస్తగిరి ఫోను చేశాడు. ఖాసింబీకి జ్వరం ఎక్కువైంది, ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఎక్కడున్నావన్నాడు. డొంక దారిలోకి వచ్చేశాను, నువ్వు పో అన్నాను. అప్పుడు నేను బెంచీ మీద ఉన్నాను. లిస్టు ఇంకా చూడలేదు.

అయిదు దాటాక పైనుంచి వాన నీరు దిగింది. షట్టరు ఎత్తేవాడు లేడు. అయిదున్నరకు గండి. అరవై ఎకరాల ఉల్లి, పీకి గట్టున ఆరబెట్టింది కూడా, మట్టిలో కలిసింది. నేను ఆరింటికి చేరాను. రిజిస్టరు తీసి నాలుగు గంటల మట్టం 4.3 అని రాశాను. చూడలేదు. ఆ పూట కాపలా పేరు దస్తగిరి అని రాశాను.

అతనికి మెమో వచ్చింది. నా దగ్గరికి తెచ్చాడు. నాకూ వచ్చిందని చెప్పాను. రాలేదు. జవాబు నేను రాశాను. ఎవరికీ చెప్పకుండా, ఎవరికీ అప్పగించకుండా, భార్యకు జ్వరమని షట్టరు వదిలి ఇంటికి పోయాను, తప్పు నాది, పెద్ద మనసుతో క్షమించండి. అదీ నేను రాసింది. అతనికి చదివి వినిపించింది వేరే. నాలుగింటికి మద్దిలేటి వచ్చాడని, అప్పగించి పోయానని చదివాను. కాగితంలో లేనిది, ఒక్కచోటా తడబడకుండా చదివాను. అతను వేలిముద్ర వేశాడు.

ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుందనుకున్నాను. అతనికి మంచిదే అనుకున్నాను.

అనుకోలేదు.

అక్టోబరు 20, శుక్రవారం

పన్నెండింటికి షట్టరు దగ్గరికి వెళ్ళి, కాపలా మార్చుకున్నాక, "కూర్చో బావా, నీ కవరు మళ్ళీ చదవాలి" అన్నాను.

"చదివితివి గదా?"

"చదవలేదు."

మూడో కాగితం తీశాను. మొదటి నుంచి చివరిదాకా, ఉన్నది ఉన్నట్టు చదివాను. అతను తల వంచుకుని విన్నాడు.

"ఇది ఎవురిది?" అన్నాడు.

"నీదే. నీ జవాబు."

"నేను ఇట్ల చెప్పలేదే."

"చెప్పలేదు."

"నువ్వు చదివింది ఇది గాదే."

"కాదు. నేను రాసింది ఇది. చదివింది వేరే."

"డొంకలోకొచ్చినా అంటివే?"

"రాలేదు. ఆఫీసులో బెంచీ మీద ఉన్నా. నాకు మెమో కూడా రాలేదు."

అతను కాగితం అడుగున తన వేలిముద్ర మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత "మల్లా చదువు" అన్నాడు. చదివాను. "మల్లా" అన్నాడు. మూడోసారి చదివేటప్పుడు ఒకచోట ఆపమని చెయ్యి ఎత్తాడు.

"ఖాసింబీకి జొరమని గూడా రాస్తివా?"

"రాశాను."

"ఆ జొరం మాట శిక్షలోకి ఎట్ల వచ్చెనో నాకు అర్థం గాలేదు ఇన్నాళ్ళు. శిక్ష ఆర్డరులో ఉన్నిందంట, ఎవురో ఆయమ్మకు చెప్పిరంట. నా జొరం వల్లనే నీ బతుకు ఇట్లాయెనని ఆయమ్మ సచ్చేదాకా ఏడ్చె. ఆఖర్లో ఒళ్ళు కాలిపోతాంటే గూడా నాకు చెప్పలేదు. నేను మల్లా పని ఇడిసి వస్తానని. నేను చూసేతలికి దాటిపోయె."

ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ రోజు జనాజా మోసిన నలుగురిలో నేనొకణ్ణి.

జేబులోంచి అభ్యంతరం లేదన్న కాగితం తీసి ఇచ్చాను. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"దీంట్లో ఏం రాసినావు?"

"నీకు అభ్యంతరం లేదని."

"అదే రాసినావా? లేకుంటే ఇంగేమన్నానా?"

అతను ఆ కాగితాన్ని మడిచి కవర్లో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ ఒక్క మాటన్నాడు.

"నువ్వు రాస్తే తప్పుండదంటారు గదా మద్దిలేటీ అందరూ."

ముప్పై ఏళ్ళలో పేరు పెట్టి పిలవడం మొదటిసారి.

అక్టోబరు 21, శనివారం

మట్టం 4.2. నిన్నటి మట్టం చూడలేదు.

అయిదో ఫారం రాశాను, నల్ల పెన్నుతో. 2011 నవంబరు 22న విధిలో ఉండవలసినవాడు ఇతడు. ఇతడు లేడు. తోటి లస్కరుకు వచ్చేశానని ఫోనులో అబద్ధం చెప్పాడు. మట్టం చూడకుండా రిజిస్టరులో 4.3 వేశాడు. చదువు రాని తోటివాడి పేరుతో తప్పు ఒప్పుకుంటూ జవాబు రాసి, వేరే చదివి వినిపించి, వేలిముద్ర వేయించాడు. నిజాయితీ గడిలో 'లేదు' అని రాశాను.

అన్ని ఫారాల కంటే ఇదే తొందరగా అయింది.

ఆఫీసు రెండో శనివారం తప్ప శనివారాలు ఉంటుంది. వెళ్ళాను. గడువు నిన్నటితో అయిపోయిందని విసుక్కుంటూనే మేడం అయిదూ తీసుకున్నారు. నాలుగు తిరగేశారు. అయిదోది చదువుతూ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏందిది?"

"జరిగింది మేడం."

"జరిగిందని రాస్తావా? నీకేమన్నా మతి చెడిందా? కింద సంతకం ఎవురిది?"

"కేశవులు సారుది."

"తేదీ?"

"2012 మార్చి."

"అంటే ఏమి? కేశవులు సారుకు ఇదంతా అప్పుడే తెలుసు. తెలిసి రాసినాడు. రాసి పన్నెండేళ్ళు బీరువాలో దాచి దస్తగిరికి శిక్ష పడనిచ్చినాడు. ఆ కండ్లు లేని ముసలాయన మెడకు ఉరి బిగిస్తావా? నిన్ను నమ్మి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినందుకా?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. నిజం రాస్తున్నాననుకున్నాను. అది కూడా వేరే మనిషి పేరు మీదే రాశాను.

మేడం ఫారం నా ముందుకు నెట్టారు. "తీసుకపో. చించి పారెయ్యి. 2011 రిపోర్టు దొరకలేదని నోట్ పెడతా. ఒక్క ఏడు లేకుంటే మిగిలిన నాలుగూ చూసి ఇస్తారు."

"మరి దస్తగిరి?"

"ఆయన అభ్యంతరం పెట్టుకుంటే అప్పుడు చూస్తారు. నువ్వు పెట్టిస్తావా? నీ ప్రమోషనుకు నువ్వే?"

నేను నిలబడ్డాను. ఆవిడ వేరే ఫైలు తీసుకున్నారు. వచ్చేశాను.

నేను ఇచ్చాను. ఆవిడ తీసుకోలేదు.

అక్టోబరు 22, ఆదివారం

మట్టం 4.2. నేను ఇచ్చాను. ఆవిడ తీసుకోలేదు. తెల్ల కాగితం మీద నా పేరుతో, నా సంతకంతో రాసి ఇచ్చి ఉండొచ్చు. అది ఇంటికి వచ్చాక తోచింది.

బస్సులోనే తోచింది.

అక్టోబరు 25, బుధవారం

మట్టం 3.9. దస్తగిరి సెలవు పెట్టాడు. ఎన్నాళ్ళో చెప్పలేదట. అతని పూట కూడా నేనే చూస్తున్నాను.

అక్టోబరు 27, శుక్రవారం

మట్టం 3.9.

ఆర్డరు వచ్చింది. కమిటీ నిన్న కూర్చుంది. పదకొండు నిమిషాల్లో ఇరవై ఆరు పేర్లు తేల్చారని మేడం చెప్పారు. శ్రీ మద్దిలేటి 2012 సెప్టెంబరు 1వ తేదీ నుంచి వర్క్ ఇన్‌స్పెక్టరుగా పరిగణింపబడును. దస్తగిరి పేరు ఎదురుగా 'దాటవేయబడినది' అని ఉంది. అభ్యంతరాలకు లోబడి అని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం.

ఆర్డరును నాలుగుసార్లు చదివాను. 2012 సెప్టెంబరు 1న నేనేం చేశానో గుర్తుకు తెచ్చుకోబోయాను. రాలేదు. దస్తగిరికి ఏటా పెరగవలసిన జీతం ఆపేసిన ఆర్డరు నేనే చదివి చెప్పిన నెల అది. అది గుర్తుంది.

అక్టోబరు 29, ఆదివారం

మట్టం 3.8.

నాగేశ్వరమ్మ బోర్డు రాయించి తెచ్చింది. పసుపు మీద ఎర్ర అక్షరాలు. మేకులు లేవన్నాను. పక్కింటికి వెళ్ళి తెచ్చింది. గోడ పెచ్చులూడుతుందన్నాను.

"నీకేమాయెనయ్యా? నెల కిందట చూస్తే మొగం ఎలిగిపోతాండె."

చెప్పాను. అంతా చెప్పాను. ఆమె మేకులు చేతిలో పట్టుకునే విన్నది. విన్నాక బోర్డు తీసుకుపోయి మంచం కిందికి తోసింది. వంట చేసింది. పెట్టింది. పడుకోబోయే ముందు గోడ వైపు తిరిగి, "ఖాసింబీకి నేనూ నాలుగు మాటలు చెప్పినా, మొగోని పని కాడికి జొరమని ఫోన్లు చేయొద్దని" అంది.

అక్టోబరు 30, సోమవారం

మట్టం 3.8. రేపు ఆఖరు.

అక్టోబరు 31, మంగళవారం

మట్టం 3.8. పొద్దున ఆరింటికి చూసి రిజిస్టరులో వేసి, తాళాలు అప్పగించాను.

ఆఫీసులో శాలువా కప్పారు. కొత్త ఏఈ మాట్లాడింది. 'ఇన్‌స్పెక్టరు మద్దిలేటి గారు' అని అయిదారుసార్లు అంది. మొదటిసారి అన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను, ఎవరో వచ్చారనుకుని. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. నాకు మాట్లాడడం రాదన్నాను. చప్పట్లు కొట్టారు.

నాలుగింటికి ఇంటికి వచ్చేసరికి దస్తగిరి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పక్కన ప్లాస్టిక్ సంచీ.

"రా, లోపలికి రా," అన్నాను. బావా అని రాలేదు నోటికి.

"ఇక్కడే బాగుండాది."

నాగేశ్వరమ్మ నీళ్ళు తెచ్చింది. తాగాడు. ఆమెను, "బాగుండావామ్మా" అని అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సంచీలోంచి టైపు చేసిన కాగితాలు తీశాడు. మూడు పేజీలు, గుండుసూది పెట్టి.

"కోర్టు కాడ రాసే ఆయన ఉండాడు గదా, ఆయనతో నా అభ్యంతరం రాపిచ్చినా. ఆయన చదివి వినిపిచ్చె. దాన్ని ఎత్తుకోని బస్టాండు కాడ ఎవురో తెలీనాయనతో చదివిచ్చుకుంటి. మల్లా పోస్టాఫీసులో ఇంగొకాయనతో. ముగ్గురూ ఒకటే చదివిరి."

"మంచి పని చేశావు."

"ఇయ్యాల్టితో గడువు. అయిదింటికి ఆఫీసు మూస్తారు. దీనికి నీ సంతకం గావాలంట. నీ సంతకం లేకుంటే ఇది నిలబడదంట. ఉంటే నీకు ఏమేమో ఐతాదంట, అది గూడా ఆయన చెప్పినాడు. నేను దాచను. పెన్షను ఆపొచ్చంట. కేసు గూడా పెట్టొచ్చంట."

చెయ్యి చాపాను. కాగితాలు ఇవ్వలేదు. మొదటి రెండు పేజీలూ వెనక్కి మడిచి, మూడో పేజీ అడుగు మాత్రం నా వైపు తిప్పి, తన మోకాలి మీద పెట్టుకుని పట్టుకున్నాడు.

"ఒక్కసారి చూస్తాను. ఏం రాశారో."

"నేను చూసినానా ఆ పొద్దు?"

అతని మొహంలో కోపం లేదు. బస్సు టైము కనుక్కునే మనిషిలా అడిగాడు. జవాబు కోసం ఆగాడు కూడా.

నా జేబులో పెన్ను తీశాను.

"యాడ పెట్టాలో తెలుసా ఇన్‌స్పెక్టరు సారూ?" అంటూ వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ."

పెట్టాను. కాగితం వెంటనే లాక్కోలేదు.

"తేదీ గూడా ఎయ్యి."

వేశాను. ఇవాళ్టిదే వేశాను.